పలాస జీడిపప్పు యూనిట్: ముగ్గురు ఇన్‌చార్జీలున్నా ఆర్డర్ లేటు – సమాధానం

మీ యూనిట్‌లో ముగ్గురు ఇన్‌చార్జీలున్నా ఆర్డర్ లేటవుతోందని, ఏం చేయాలని అడిగారు. ఆర్డర్ లేటైతే ముగ్గురూ ఒకరి మీద ఒకరు చెబుతున్నారంటే, పని పంచడంలోనే తేడా ఉంది. గ్రేడింగ్ (పప్పుని సైజుల వారీగా వేరుచేయడం) ముగ్గురిలో "ఇద్దరూ కలిసి చూస్తారు" అని మీరే రాశారు. చిక్కు అక్కడే.

1. ఉడకబెట్టడం, కటింగ్ ఒకరికి. ఆరబెట్టడం, పీలింగ్ (పొట్టు తీయడం) ఒకరికి. గ్రేడింగ్, ప్యాకింగ్ ఒకరికి. పేర్లు గోడ మీద రాయండి.

2. ఒక్కొక్కరికి ఒక్కటే లెక్క. పీలింగ్‌కి, రోజుకి ఎంత బద్ద (విరిగిన పప్పు) అయిందని. గ్రేడింగ్‌కి, 320 రకమంటే పౌనుకి (సుమారు 454 గ్రాములకి) 300 నుంచి 320 గుళ్లు, అంటే విరగని పప్పులు. శాంపిల్ తూచి లెక్కపెడితే వాదనే ఉండదు.

3. అందరూ వదిలేసేది ఇదే: నిర్ణయం తీసుకునే హక్కు. పప్పు సరిగా ఆరకపోతే పొట్టు ఊడదు, గీకితే బద్దలైపోతుంది. ఆ బ్యాచ్‌ని మళ్లీ ఆరబెట్టించడానికి ఇన్‌చార్జి మీకు ఫోన్ చేయాలా? అయితే లేటుకి కారణం మీరే. నేనూ ఏడాదిపాటు ఫోన్‌లో "ఈసారికి కానిచ్చెయ్" అంటూ, సాయంత్రం బద్ద చూసి వాళ్లనే తిట్టేవాణ్ణి.

వర్కర్లు నేరుగా మీ దగ్గరకొస్తే ఇన్‌చార్జి దగ్గరికే పంపండి. వచ్చింది మీ మేనల్లుడైనా సరే.

4. రోజూ పొద్దున్న ముగ్గురితో పది నిమిషాలు మీటింగ్, నిలబడే. నిన్నటి లెక్క, ఇవాళ్టి అడ్డంకి. మీరు చివర్లో మాట్లాడండి.

ముందు ఈ పద్ధతి కుదరనివ్వండి, బోనస్ జోలికి ఓ నెల వెళ్లకండి.