నీ కథ ఏడో పేజీలో మొదలైంది

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. తల్లి పేరున ఉన్న రెండెకరాలు అమ్మించడానికి కొడుకు హైదరాబాదు నుంచి శ్రీకాకుళం జిల్లాలోని సొంతూరికి రావడం, ఆమె ఒప్పుకోకపోవడం. వస్తువు బాగుంది. కానీ వస్తువు దొరికినంత మాత్రాన కథ దొరికినట్టు కాదు. పల్లెలు ఖాళీ అయిపోతున్నాయన్నది వస్తువు. సోమవారం లోపు కొడుక్కి డబ్బు కావాలి, వేలిముద్ర వేయాల్సిన తల్లి పాసుపుస్తకం దాచేసింది, ఇది ఇతివృత్తం. నీ పదకొండు పేజీల్లో మొదటిది పుష్కలంగా ఉంది. రెండోది ఏడో పేజీ దాకా రాలేదు.

బస్సు దిగడం, చెరువుగట్టు, చిన్నప్పటి జ్ఞాపకాలు ఉన్న మొదటి మూడు పేజీలు కొట్టెయ్. గురజాడ 1910లో రాసిన ‘దిద్దుబాటు’ కథ ఎత్తుగడ, అంటే మొదలుపెట్టిన తీరు, చూడు. కథానాయకుడు గోపాలరావు చదువుతోనో, పెళ్లితోనో మొదలుపెట్టలేదు ఆయన. పొద్దుపోయాక అతను ఇంటికొచ్చి తలుపు కొడతాడు, లోపల భార్య కనిపించదు. అంతే, కథ నడక అందుకుంది. అతని వ్యవహారమంతా అతని కంగారులో, నౌకరుతో మాటల్లో, ఆమె రాసిపెట్టిన ఉత్తరంలో బయటపడుతుంది. పూర్వకథ ఎప్పుడు చెప్పాలంటే, అది తెలియకపోతే పాఠకుడు ముందుకు కదల్లేని చోట, రెండు మూడు వాక్యాల్లో. నీ కథకి ఎత్తుగడ దస్తావేజు రాసేవాడి బల్ల దగ్గరుంది. ‘పాసుపుస్తకం ఏదమ్మా?’ అని అతను అడిగే మాటతో మొదలుపెట్టి చూడు.

దృష్టికోణం దగ్గర నీకు పట్టు తప్పింది. ఒకే సన్నివేశంలో కొడుకు మనసులోకీ, తల్లి మనసులోకీ, చివరికి పక్కింటావిడ మనసులోకీ దూరావు. ‘దిద్దుబాటు’లో మనం మొదట్నుంచీ గోపాలరావు వెంటే ఉంటాం. అందుకే చివర మంచం కింద నుంచి భార్య కమలిని నవ్వు వినిపిస్తే అతనితో పాటు మనమూ ఉలిక్కిపడతాం. ఒక్కసారి ఆమె ఆలోచన చెప్పి ఉంటే ఆ ముగింపు అక్కడికక్కడే కూలిపోయేది. నువ్వు కొడుకు వెంట ఉండు. తల్లి ఏమనుకుంటోందో ఆమె చేతులు, మౌనం, మాట తప్పించే తీరు చెప్పాలి. కొడుకు వాటిని తప్పుగా అర్థం చేసుకున్నా మంచిదే, పాఠకుడికి పని దొరుకుతుంది.

సంభాషణల విషయానికొస్తే, ‘నాన్నగారు పోయి పదేళ్లయింది కదమ్మా’ అంటాడు నీ కొడుకు. ఆ సంగతి ఆవిడకి తెలియదా? అది నువ్వు పాఠకుడికి చెప్పదలుచుకుని అతని నోట్లో పెట్టిన మాట. అలాంటివి ఐదున్నాయి, పెన్సిల్‌తో గీత గీశాను. ఆ తల్లి పత్రికల తెలుగు మాట్లాడటం మరీ ఇబ్బంది. ‘నేను రాలేను నాయనా’ అనదు, ‘నాను రాన్రా’ అంటుంది. అలాగని ప్రతి అక్షరం యాసలో ముంచకు. వాక్యం నడకలో, ఒకటి రెండు మాటల్లో తెలిస్తే చాలు.

పాత్రల వయసు, రంగు, చీర నాకు గుర్తు లేవు, ఇకపైనా ఉండవు. పాసుపుస్తకం బియ్యం డబ్బాలో దాచిందన్నది మాత్రం గుర్తుంది. మనిషి తెలిసేది చేసిన పని వల్లే. కొడుక్కి డబ్బు ఎందుకు కావాలో మాత్రం నువ్వెక్కడా చెప్పలేదు. ఆ అవసరం న్యాయమైనది కాకపోతే అతను ఉత్త దుర్మార్గుడవుతాడు, సంఘర్షణ చచ్చిపోతుంది. ఇద్దరి పక్షాన బలం ఉండాలి.

ముగింపు: కలలో తండ్రి కనిపించి కొడుకు మనసు మార్చడం కుదరదు. కాకతాళీయం చిక్కు తెచ్చిపెట్టవచ్చు, చిక్కు విప్పకూడదు. మలుపు అతని నిర్ణయం వల్ల రావాలి, దానికి అతను ఏదో ఒకటి పోగొట్టుకోవాలి.

తిరగరాసే ముందు ప్రతి సన్నివేశానికీ ఒక్క వాక్యం రాసుకో: ఎవరికి ఏం కావాలి, అడ్డేమిటి, చివరికి ఏం మారింది. మూడోదానికి జవాబు రాకపోతే ఆ సన్నివేశం తీసెయ్. నా లెక్కలో మూడే మిగులుతాయి, కథ ఆరు పేజీలకి వస్తుంది. వారం పాటు పక్కన పెట్టి, గొంతెత్తి చదువు. నాలుక తడబడ్డ చోటల్లా వాక్యం పొడుగైందని అర్థం.

అప్పుడు పంపు. ‘మట్టి వాసన’ అనే పేరు మాత్రం మార్చు, అది ఇప్పటికే చాలామంది వాడేశారు.