సొంత నెట్‌వర్క్ కడుతున్న మేనకోడలికి

అమ్మడూ,

సర్వర్ లేకుండా, ఎవరి పెత్తనమూ లేని నెట్‌వర్క్ కడుతున్నావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను, వెంటనే గుండెల్లో రాయి పడింది.

తేలికవి ముందు చెప్పేస్తా. నోడ్లు, అంటే నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు, ఆగిపోవడమే భయమైతే, పద్దులో తర్వాత ఏం రాయాలో తేల్చడానికి మెజారిటీ ఓటు చాలు, ఐదింటిలో రెండు పోయినా నడుస్తుంది. నాలుగు పెట్టినా ఒక్కటే పోవచ్చు, మూడు పెట్టినా అంతే. అబద్ధమాడే నోడ్ ఉంటే లెక్క వేరు: ఒక్క మోసగాడిని తట్టుకోవాలంటే మొత్తం నాలుగు నోడ్లు కావాలి, ఇద్దరికి ఏడు. ఎవరైనా చేరొచ్చంటే తలలు లెక్కపెట్టి లాభం లేదు, ఒకడే వెయ్యి పేర్లతో దిగుతాడు. ఓటుకు కరెంటు ఖర్చో డిపాజిట్టో అడ్డం పెట్టాలి. ఓటు డిస్కు మీద పడ్డాకే జవాబు పంపు, లేదంటే రీస్టార్ట్ అయిన నోడ్ అదే రౌండులో రెండో ఓటు వేస్తుంది.

ఇక అసలు భయం. 2013 మార్చిలో బిట్‌కాయిన్ గొలుసు (లావాదేవీల మూటలు, అంటే బ్లాకులు, వరసగా పేర్చిన పద్దు) రెండుగా చీలింది, ఓటింగ్ తప్పు వల్ల మాత్రం కాదు. బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ 0.8 వెర్షన్‌లో డేటాబేస్‌ను బర్క్‌లీ డీబీ నుంచి లెవెల్‌డీబీకి మార్చారు. పాతదానికి లాకుల (డేటాకి ఒకేసారి వేయగల తాళాల) పరిమితి ఉండేది, అది ఏ నియమాల్లోనూ రాసి లేదు. ఓ పెద్ద బ్లాక్ వచ్చింది. కొత్త నోడ్లు ఒప్పుకున్నాయి. పాతవాటిలో కొన్నింటికి లాకులు చాలక అది చెల్లదన్నాయి. ఎవరూ మోసం చేయలేదు, అయినా లెడ్జర్లు, అంటే పద్దులు, రెండయ్యాయి! చివరికి మైనర్లను, అంటే కొత్త బ్లాకులు తయారుచేసేవాళ్లను, ఒప్పించి పాత 0.7కి వెనక్కి తిప్పారు, కొత్త వైపున 24 బ్లాకులు గాలికి పోయాయి. ఈలోగా ఒకే సొమ్ము రెండుసార్లు ఖర్చు పెట్టిన ఘటనా జరిగింది.

కాబట్టి నువ్వు వాడే లైబ్రరీ పరిమితులు కూడా నీ నియమాలే. బ్లాక్ తనిఖీ కోడ్‌లోకి ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ) లెక్కలు, మెషీన్ గడియారం, హ్యాష్ మ్యాప్ (వరస ఖాయం లేని పట్టిక) తిరిగే వరస రానివ్వకు, అవి ఒక్కో మెషీన్‌లో ఒక్కోలా రావొచ్చు. మెమరీ చాలకపోతేనో డిస్కు నిండితేనో నోడ్ ఆగిపోవాలి, అంతేగానీ 'బ్లాక్ చెల్లదు' అని తీర్పు చెప్పకూడదు. కొత్త నియమం ఏ బ్లాక్ నంబరు నుంచి అమలో ముందే కోడ్‌లో రాసిపెట్టు.

టెస్టులన్నీ పాసయ్యాయని మాత్రం నాతో అనకు. ఒకే మెషీన్ మీద ఒకే బిల్డ్ (తయారైన ప్రోగ్రాం) ఐదు కాపీలు నడిపితే పాసవ్వక ఏం చేస్తాయి? పాత బిల్డునూ కొత్తదాన్నీ పక్కపక్కన నడుపు, పరిమితులు దాటే బ్లాకులు వాటి మీదికి వదులు, ప్రతి బ్లాక్ తర్వాత స్టేట్ హ్యాష్ (మొత్తం పద్దుకి వేలిముద్ర లాంటి సంఖ్య) పోల్చు. తేడా రాగానే రెండూ ఆగేలా పెట్టి, నువ్వెళ్లి పడుకో తల్లీ, పొద్దున చూసుకోవచ్చు. తనిఖీ కోడ్ పంపు, నేనూ చదువుతా.

మీ మావయ్య