ఉప్పుచేప పండక్కి శాకాహారి వియ్యపురాలు

ప్రశ్న: మాది నెల్లూరు, ముప్ఫై ఏళ్లుగా చెన్నై మైలాపూర్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి పోర్చుగల్ అబ్బాయిని చేసుకుని పోయినేడాది నుంచి వాళ్ల ఊరు బ్రాగాలో ఉంటోంది. ఈ క్రిస్మస్‌కి మా ఇద్దరినీ రమ్మని వియ్యపురాలు పట్టుబట్టి పిలిచింది. మా ఆయన చేపల పులుసు మనిషి, ఆయనకేం బాధ లేదు. నేను శాకాహారిని, కేకులో గుడ్డు కలిస్తే పట్టించుకోను గానీ ఆమ్లెట్ ముట్టను. వాళ్ల పండగ భోజనమంతా చేపేనట. పైగా "అమ్మా, బల్ల మీద ఒక ఖాళీ కంచం పెడతారు, ఎవరికని అడక్కు" అంది మా అమ్మాయి. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. అక్కడ ఏం తినాలి, ఏం పట్టుకెళ్లాలి, చర్చికి రమ్మంటే ఏం చెయ్యాలి?
- ఒక పాఠకురాలు, మైలాపూర్

జవాబు: ముందు ఆ ఖాళీ కంచం సంగతి చెప్పేస్తాను, లేకపోతే మిగతాదేదీ మీ తలకెక్కదు. అది ఇంట్లో పోయినవాళ్లకి. కొన్ని ఇళ్లలో ఆ రాత్రి వాళ్ల కోసం ఒక చోటు వదులుతారు, భోజనాలయ్యాక బల్ల కూడా తుడవకుండా అలాగే ఉంచేస్తారు, పెద్దలు వచ్చి తినిపోతారని. సంక్రాంతికి మనం పెద్దలకి పెట్టుకోమూ? అంతే. మీ అమ్మాయి "అడక్కు" అనకుండా ఈ రెండు ముక్కలూ చెప్పి ఉంటే మీ నిద్ర పాడయ్యేది కాదు, కానీ పిల్లలెప్పుడూ అంతే, భయపెట్టే ముక్క చెప్పి ఫోన్ పెట్టేస్తారు.

ఇక భోజనం. అసలు పండగ 24 రాత్రే, దాన్ని కొన్సువాడ అంటారు. ఆ రోజు మాంసం మానేసే పాత ఆచారం ఉంది, ఆ ఉపవాసం రోజు రాత్రి చేసే భోజనం అది, అందుకే చేప. ఆ చేప కాడ్, వాళ్ల భాషలో బకల్యావు. మనవాళ్లకి చెప్పాలంటే ఉప్పుచేపే, కాకపోతే చెక్కపలకంత ఉంటుంది. తమాషా ఏంటంటే అది పోర్చుగల్ సముద్రంలో దొరికేది కాదు, ఎక్కువగా నార్వే వైపు నుంచి వస్తుంది, అయినా అది లేకుండా వాళ్లకి పండగ లేదు. ఒకటి రెండు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి, బంగాళాదుంపలు, క్యాబేజీ జాతి ఆకులు, గుడ్లతో పాటు ఉడకబెట్టి, పైన ఆలివ్ నూనె, వెల్లుల్లి వేసుకుంటారు. మీరు వెళ్లేది ఉత్తరాన మిన్యు ప్రాంతం కాబట్టి పక్కన ఆక్టోపస్ కూడా ఉండొచ్చు, దాని కాళ్లు కంచంలో చూసి కేక పెట్టకండి. మర్నాడు మిగిలిన చేపా దుంపలూ కలిపి నూనెలో వేయించి పెడతారు, దాని పేరు "పాత బట్టలు". పేరు చూసి వెటకారం చేయొద్దని మీవారికి చెప్పండి, ఆయనకి నచ్చుతుంది అది.

మీ పని చేపతో పాటు వచ్చే దుంపలూ ఆకుకూరతో గడిచిపోతుంది. చిక్కు ఎక్కడంటే అవన్నీ తరచుగా ఒకే గిన్నెలో ఉడుకుతాయి. కాబట్టి వియ్యపురాలికి ఇప్పుడే, ఈ వారంలోనే, మీ అమ్మాయి చేత చెప్పించండి: మీ వరకూ వేరే గిన్నెలో ఉడికించమని. బల్ల దగ్గర కూర్చున్నాక చెప్పారనుకోండి, రెండు రోజులు వంటింట్లో నిలబడ్డ మనిషి ముఖం చిన్నబోతుంది, మనింట్లో అయినా అంతే కదా. ఇంకో సంగతి, "మాంసం తినను" అంటే చాలదు. మా పిన్ని కూతురు అక్కడ ఒక విందులో అలాగే చెప్పి ఊరుకుంటే, పాపం వాళ్లు ప్రేమగా ట్యూనా శాండ్‌విచ్ తెచ్చిపెట్టారు. వాళ్ల లెక్కలో చేప మాంసం కిందకి రాదు. చేప కూడా వద్దని విడిగా చెప్పాలి. పచ్చని ఆకుకూర సూపు ఇస్తే కూడా ఒకసారి గరిటెతో కలిపి చూడండి, అడుగున ఒక సాసేజ్ ముక్క ఉంటుంది. జున్ను, అదే చీజ్, దగ్గర మాత్రం మీకు అదృష్టం ఉంది. సెర్రా ద ఎస్ట్రేలా అనే గొర్రెపాల జున్నుని దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో కాకుండా ఒక రకం ముళ్లచెట్టు పువ్వుతో తోడుపెడతారు, కాబట్టి నిశ్చింతగా తినొచ్చు.

తీపి సంగతికొస్తే మీకు సగం తెలిసిన ఇల్లే అది. అలెత్రియ అంటే సేమ్యా పాయసమే, మరీ గట్టిగా, పళ్లెంలో పోసి ఆరబెట్టేంత గట్టిగా చేస్తారు, గుడ్డు సొన పడుతుంది. పాలల్లో ఉడికిన అన్నంతో చేసేది మన పరమాన్నానికి చుట్టం. ఈ రెండిటి మీదా దాల్చినచెక్క పొడితో గీతలు వేస్తారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పొడి పట్టుకుని సన్నగా వదులుతూ గళ్లు, పువ్వులు, ఒక్కోసారి ఇంట్లోవాళ్ల పేర్ల మొదటి అక్షరాలు. అమ్మా, అది ముగ్గే! మైలాపూర్‌లో ముప్ఫై ఏళ్లు రోజూ వాకిట్లో ముగ్గు పెట్టిన చెయ్యి మీది. 24 సాయంత్రం ఆ పళ్లెం మీరు అందుకోండి, భాష రాకపోయినా ఆ వంటింట్లో మీకో పని దొరుకుతుంది. అతిథిలా సోఫాలో కూర్చుంటే మాత్రం రోజు గడవదు.

పట్టుకెళ్లడానికి నెయ్యి డబ్బా, పాలకోవా, కరివేపాకు వద్దు. పాలతో చేసినవి, పచ్చి ఆకులు బయటి దేశాల నుంచి సామానులో తేవడానికి యూరప్‌లో రూల్స్ ఒప్పుకోవు. కందిపొడి, నువ్వుండలు, సేమ్యా, ఏలకులు సరే. నన్నడిగితే ఉత్తర మాడ వీధికి వెళ్లండి, నవరాత్రి బొమ్మలు ఇంకా ఉన్నాయి, కొలువులో కొట్టు పెట్టుకు కూర్చునే చిన్న చెట్టియార్ జంట ఒకటి కొని బట్టల మధ్య చుట్టి పెట్టుకోండి. వాళ్లు కూడా కొలువు పెడతారు, నాచు పరిచి బాల యేసు, పశువుల పాక, చుట్టూ బట్టలుతికే మనిషి, పిండిమర వాడు, బూర ఊదేవాడు, ఊరు ఊరంతా మట్టిబొమ్మల్లో. మన చెట్టియార్ గారు వాళ్ల సంతలో హాయిగా సర్దుకుంటారు.

చర్చికి రమ్మంటే వెళ్లండి. అర్ధరాత్రి పూజని వాళ్లు కోడిపుంజు పూజ అంటారు. బెసెంట్ నగర్ వేళాంకణ్ణి గుడిలో కొవ్వొత్తి వెలిగించిన వాళ్లం మనలో ఎంతమందిమి లేము? పూజ చివర్లో ఫాదర్ ఇచ్చే అప్పం తీసుకునే వరుసలో మాత్రం నిలబడకండి, అది బాప్తిస్మం తీసుకున్న క్యాథలిక్కులకే, మీరు మీ బెంచీ మీదే కూర్చుంటే ఎవరూ ఏమీ అనుకోరు. చలి గురించి ఒక్క మాట: బయటికంటే ఇంట్లోనే వణుకుతారు. అక్కడ చాలా ఇళ్లలో సెంట్రల్ హీటింగ్ ఉండదు, బ్రాగాలో డిసెంబర్ అంతా వాన. చీర కింద థర్మల్, ఉన్ని సాక్సులు, గట్టి చెప్పులు.

మీవారికి వేరే వినోదం ఉంది. 24 మధ్యాహ్నం బ్రాగా జనమంతా రువా దు సోటు అనే వీధిలో నిలబడి చిన్న గ్లాసు తియ్యటి ద్రాక్ష సారాయి తాగి అరటిపండు తింటారు. ఎందుకు అరటిపండు అంటే అక్కడ పళ్ల కొట్టువాడు మొదలుపెట్టిన అలవాటు. మీరు వట్టి అరటిపండు తిన్నా చెల్లుతుంది.

వియ్యపురాల్ని పేరుకి ముందు "దోనా" చేర్చి పిలవండి, మన "గారు" లాంటిది. మాటల్లేక ఇబ్బందైతే తువ్వాలు, సబ్బు, బొత్తాం, అలమర చూపించి తెలుగులోనే అనండి, అవన్నీ వాళ్ల భాష నుంచి మనకొచ్చినవే. మీరు కూరగాయలు కొనే లజ్ కార్నర్ పేరు కూడా వాళ్లదే, 1516లో పోర్చుగీసు వాళ్లు కట్టిన లజ్ చర్చి వల్ల వచ్చింది. లజ్ అంటే వెలుగు.

ప్రశ్న: మా అక్కావాళ్లు పోర్చుగల్‌లోని పోర్టోలో ఉంటారు. క్రిస్మస్‌కి వెళ్లాలి. డిసెంబర్ మొదటి వారంలో వీసాకి పెడితే చాలదా?
- ఒక పాఠకుడు, విరుగంబాక్కం

జవాబు: చాలదు తమ్ముడూ. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు, మామూలుగా 15 రోజులు, అడ్డం తిరిగితే 45 రోజుల దాకా పడుతుంది, అపాయింట్‌మెంట్ దొరకడం ఇంకో కథ. పెద్దవాళ్లకి ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, 30,000 యూరోలకి తగ్గని ప్రయాణ బీమా కావాలి. మీ అక్క సంతకం చేసి, మీ బస తన బాధ్యత అని రాసిచ్చే కాగితం ఈరోజే అడగండి. టికెట్ డబ్బులు తిరిగొచ్చేదే బుక్ చేయండి.

అక్కడ బోలో రేయ్ అనే గుండ్రటి కేకు పెడతారు, నెమ్మదిగా నమలండి. కొన్నిట్లో లోపల ఒక ఎండు చిక్కుడు గింజ ఉంటుంది. అది ఎవరి ముక్కలో వస్తే తర్వాతి కేకు వాళ్లే కొనాలి. మీకే వచ్చిందనుకోండి, వచ్చే ఏడాది వీసా పని జూలైలోనే మొదలుపెట్టండి.