ఆటలో స్కోరు పెరిగితే చదువులో ధ్యాస నిలుస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. ఎనిమిది నెలల క్రితం బైకు ప్రమాదంలో తలకు బలమైన దెబ్బ తగిలి ఆరు రోజులు స్పృహలో లేడు. ఇప్పుడు బాగా నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. ఈ మధ్య తీసిన సీటీ స్కానింగ్‌లో కంగారు పడాల్సిందేమీ లేదన్నారు. కానీ పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చోలేడు, చెప్పిన పనిని సగంలో మరిచిపోతాడు. కంప్యూటర్ మీద 40 సెషన్లు చేయిస్తే ఏకాగ్రత తిరిగి వస్తుందని ఒక శిక్షణ కేంద్రం వారు చెబుతూ పెద్ద మొత్తమే అడుగుతున్నారు. చేర్పించమంటారా? ఈ ఏడాది కాలేజీ మాన్పించాలా?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ముందుగా ఒక విషయం. స్కానింగ్ బాగున్నంత మాత్రాన మీ అబ్బాయిది బద్ధకమని ఇంట్లో ఎవరూ అనుకోకూడదు. బైకు ప్రమాదంలో తల ఒక్కసారిగా ఊగిపోయినప్పుడు మెదడులోని భాగాలను కలిపే సన్నని నరాల పోగులు అక్కడక్కడా తెగుతాయి. ఈ దెబ్బ సీటీ స్కానింగ్‌లో చాలాసార్లు కనిపించదు. ధ్యాసను నిలిపి ఉంచే పనిలో ప్రధాన పాత్ర వహించే మెదడు ముందు భాగం ఇరవై ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది కనుక, ఈ వయసులో తగిలిన దెబ్బ ప్రభావం చదువు బరువు పెరిగే కొద్దీ మరింత బయటపడవచ్చు.

ఇక కంప్యూటర్ శిక్షణ సంగతి. ఇది మోసమని కొట్టిపారేయను. అమెరికాలో సోల్‌బర్గ్, మటీర్ అనే నిపుణులు 1987లోనే ధ్యాసకు మెట్లు మెట్లుగా శిక్షణ ఇచ్చే పద్ధతిని ప్రచురించారు. ఒకే పనిపై నిలవడం, చుట్టూ చప్పుడున్నా చెదరకపోవడం, ఒక పని నుంచి మరో పనికి మారడం, రెండు పనులు ఒకేసారి చూసుకోవడం వేర్వేరు సామర్థ్యాలని, వాటిని విడివిడిగా సాధన చేయించాలని వారి ఆలోచన. నేటి కంప్యూటర్ కార్యక్రమాల్లో కొన్ని ఆ ఆలోచన మీదే నిలబడ్డాయి. చిక్కల్లా ఎక్కడంటే, తెరపై అభ్యాసం చేసిన పనిలోను, దానిని పోలిన పరీక్షలోను స్కోరు పెరుగుతుంది గాని, ఆ మెరుగుదల భౌతికశాస్త్రం పాఠం దాకా దానంతటదే నడిచి రాదు. అందుకే తలకు దెబ్బ తగిలిన పెద్దల పునరావాసంపై ఇన్‌కాగ్ అంతర్జాతీయ బృందం రూపొందించిన మార్గదర్శకాలు, నిత్యజీవితంతో సంబంధం లేని కంప్యూటర్ అభ్యాసాలను పదేపదే చేయించడంపైనే ఆధారపడవద్దని, తన పనిని తానే గమనించుకుని సరిదిద్దుకునే ఉపాయాలు నేర్పమని సూచించాయి. లుమోసిటీ అనే మెదడు ఆటల సంస్థ తన ప్రకటనల్లో చెప్పుకున్న ప్రయోజనాలకు తగిన ఆధారాలు లేవన్న ఆరోపణపై 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకి వచ్చి 20 లక్షల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకున్న సంగతి కూడా మీకు తెలియాలి.

కౌమారదశ పిల్లల మీద జరిగిన అధ్యయనాలు చిన్నవి. వాటిలో నాకు ఆశాజనకంగా అనిపించిన 'ఎయిమ్' అనే పది వారాల కార్యక్రమంలో కంప్యూటర్ అభ్యాసాలు ఒక భాగం మాత్రమే. పిల్లవాడు తన లక్ష్యాన్ని తానే ఎంచుకోవడం, దానికి తగిన ఉపాయాన్ని అలవాటు చేసుకోవడం, చికిత్సకుడితో కూర్చుని సమీక్షించుకోవడం కూడా అందులో ఉన్నాయి. పైగా దెబ్బ తగిలిన మొదటి ఏడాదిలో మెదడు సహజంగానే కొంత కోలుకుంటుంది కనుక, కనిపించిన మార్పంతా శిక్షణ వల్లే వచ్చిందని చెప్పడం కష్టం.

కాబట్టి ఆ కేంద్రం వారిని రెండు ప్రశ్నలు అడగండి: మొదలుపెట్టే ముందు న్యూరోసైకాలజిస్టుతో (ధ్యాస, జ్ఞాపకశక్తి వంటి మెదడు పనులను పరీక్షించే నిపుణుడు) పూర్తి పరీక్ష చేయిస్తారా? ఫలితాన్ని ఆటలోని స్కోరుతో కాకుండా, 'సాయంత్రం 20 నిమిషాలు లెక్కలు చేసి, మధ్యలో తప్పును తానే పట్టుకున్నాడా' వంటి కొలతతో చూస్తారా? రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే డబ్బు కట్టవద్దు. బెంగళూరు నిమ్హాన్స్‌లో అభివృద్ధి చేసిన ధ్యాస పునశ్శిక్షణలో కలిపిన ధాన్యపు గింజలను వేరు చేయడం, కాగితంపై చెప్పిన అక్షరాలను వెతికి కొట్టేయడం వంటి అభ్యాసాలు ఉన్నాయి. నిపుణుల సలహాతో ఇంట్లోనే చేయించదగిన పనులివి; ఖర్చు దాదాపు లేదు.

ఇంట్లో చదువును పది నిమిషాల ముక్కలుగా విడగొట్టి, ఫోను మరో గదిలో ఉంచి, ప్రతి ముక్క చివర 'ఇప్పుడు నేనేం చదివాను?' అని తనను తాను అడుగుకోమనండి. నిద్ర చాలకపోయినా, తలనొప్పి ఉన్నా ఏ శిక్షణా పనిచేయదు. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే తెర ముందు కూర్చోబెట్టే ముందే న్యూరో వైద్యుడికి చెప్పండి.

కాలేజీ పూర్తిగా మాన్పించాలని నేను అనను. స్నేహితుల మధ్య ఉండడం కూడా అతడికి అవసరమే. మొదట పూటబడి, ముందు బెంచీ, రాసిపెట్టిన నోట్సు, మధ్యలో విశ్రాంతి ఇవ్వమని న్యూరోసైకాలజిస్టు నివేదికతో ప్రిన్సిపాల్‌ను కలవండి. పరీక్షలో అదనపు సమయం కోసం బోర్డుకు దరఖాస్తు చేయాలంటే కూడా ఆ నివేదిక ఉపయోగపడవచ్చు, కనుక దాన్ని పరీక్షల ముందు దాకా వాయిదా వేయకండి.