న్యూయార్క్‌లో నేపాలీ భోజనం

ప్రశ్న: న్యూయార్క్‌లో ‘నేపాలీ’ బోర్డున్న చోటల్లా బటర్ చికెన్, నాన్‌లే పెడుతున్నారు. అసలు రుచి ఎక్కడ దొరుకుతుందండీ?

జవాబు: క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్ వెళ్లండి. 7వ నంబరు రైల్లో 74వ వీధి స్టేషన్‌లో దిగితే రూజ్‌వెల్ట్ అవెన్యూ చుట్టుపక్కల చిన్న హోటళ్లున్నాయి. కూర్చునేముందే మెనూ చూడండి. ఢిండో, గుంద్రుక్, ఛోయిలా, చ్యూరా (మన అటుకులే) కనిపించాలి. మోమోలు ఎక్కడైనా ఉంటాయి, పరీక్షంతా పక్కనిచ్చే పచ్చడిదే. టమాటా, నువ్వులు, టిమూర్ (మిరియాల్లాంటి నేపాలీ మసాలా దినుసు) కలిపి నూరిందైతే నాలుక కాస్త తిమ్మిరెక్కుతుంది. సీసాలోని ఎర్ర సాస్ పోస్తే ఆశ వదులుకోండి!

ఢిండో మన రాగి సంకటికి చుట్టమే. చల్లారితే గట్టిపడుతుంది కనుక అప్పటికప్పుడు కలిపి ఇమ్మనండి. గుంద్రుక్ అంటే పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూర, ఎక్కువగా ఆవాకు. ఆ పుల్లవాసన చూసి పాడైందనుకుని వెనక్కి పంపేయకండి. ఛోయిలా మాత్రం మాంసమే, శాకాహారులు జాగ్రత్త.