నమలాలంటే భయం.. మళ్లీ ఇష్టంగా తినగలనా?

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. రెండేళ్లుగా కుడి దవడలో కరెంట్ షాక్ కొట్టినట్టు నొప్పి వస్తోంది. ట్రైజెమినల్ న్యూరాల్జియా (ముఖానికి స్పర్శ తెలిపే నరం వల్ల వచ్చే నొప్పి) అన్నారు. కార్బమజెపిన్ వాడుతున్నాను. నొప్పి తగ్గింది గానీ నమిలేటప్పుడు వస్తూనే ఉంది. అన్నీ మిక్సీలో వేసి తాగేస్తున్నాను. బరువు తగ్గాను. మత్తుగానూ ఉంటోంది. అందరితో కూర్చుని ఇష్టంగా తినే రోజు వస్తుందా?

జవాబు: వస్తుందనే నా నమ్మకం. ముందు మీరు చేయాల్సిన పని ఒకటుంది. ‘నొప్పి తగ్గింది’ అని మాత్రమే చెబితే మందు సరిపోయిందని మీ న్యూరాలజిస్టు అనుకుంటారు. ‘నమలలేకపోతున్నాను, బరువు తగ్గాను’ అని కూడా చెప్పండి. డోసు, మందు వేసుకునే వేళలు మార్చే వీలుంటుంది. మత్తు మరీ ఇబ్బంది పెడితే ఆక్స్‌కార్బజెపిన్ లాంటి మరో మందుకు మార్చొచ్చు. మీ అంతట మీరు మాత్రం మానేయొద్దు, పెంచొద్దు.

ఇక తిండి సంగతి. అన్నీ కలిపి మిక్సీ పడితే అన్నిటికీ ఒకే రుచి వస్తుంది, రెండు రోజులకే మొహం మొత్తుతుంది. దేనికది విడిగా, నాలుకతో అంగిలికి నొక్కితే నలిగిపోయేంత మెత్తగా వండించుకోండి. కూరగాయలు, గుడ్డు, చేప, బాగా పండిన పండు ఇలా తినొచ్చు. వేడివేడిగానూ, చల్లగానూ వద్దు, గోరువెచ్చగా తినండి. పులుపు, కారం అందరికీ నొప్పి తెప్పించవు. నొప్పి తక్కువగా ఉన్న రోజున ఒక్కోటి కొంచెం రుచి చూసి, పడనిదాన్నే పక్కన పెట్టండి. భయంతో అన్నీ వదిలేసిన వాళ్లే ఎక్కువ నష్టపోతారు.

ఏ పూట నొప్పి తక్కువగా ఉంటోందో కొన్ని రోజులు రాసుకుని, ముఖ్యమైన భోజనాన్ని ఆ పూటకు మార్చుకోండి. చిన్న చెంచాతో, ఎడమవైపు నమలండి. ఫ్యాన్ గాలి ముఖానికి తగలకుండా కూర్చోండి. మాట్లాడినా నొప్పి రావొచ్చు కాబట్టి, తినేటప్పుడు మిమ్మల్ని ప్రశ్నలు అడగొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పండి. వాళ్ల కబుర్లు వింటూ తినండి చాలు. ఒకసారి నొప్పి వచ్చి పోయాక చాలామందికి కాసేపు మళ్లీ రాదు. కొందరు ఆ కాస్త వ్యవధిలోనే నాలుగు ముద్దలు తినేస్తారు.

కార్బమజెపిన్ వాడేవాళ్లు గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, నారింజ జాతి పండు) తినకూడదు, రక్తంలో మందు మోతాదు పెరుగుతుంది. మద్యం తాగితే మత్తు ఇంకా ఎక్కువవుతుంది. ఈ మందుతో రక్తంలో సోడియం తగ్గొచ్చు. తలనొప్పి, వికారం, తడబాటు, అయోమయం కనిపిస్తే పరీక్ష చేయించాలి. ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, నోట్లో పుండ్లు వస్తే అది తిండి పడక వచ్చిందేమోనని ఆగొద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

నొప్పి పంటి దగ్గరే ఉన్నట్టు అనిపించి మంచి పళ్లు పీకించుకునేవాళ్లు ఉన్నారు. న్యూరాలజిస్టును అడగకుండా ఆ పని చేయొద్దు.

మందులు మార్చినా తినలేకపోతుంటే ఆపరేషన్ గురించి అడగండి. ఈ జబ్బులో చాలామందికి మెదడు దగ్గర ఒక రక్తనాళం ఆ నరాన్ని నొక్కుతుంటుంది. ఎంఆర్‌ఐలో అది కనిపిస్తే, రక్తనాళాన్ని నరం నుంచి పక్కకు జరిపే ఆపరేషన్‌తో ఎక్కువమందికి ఏళ్ల తరబడి ఉపశమనం దొరుకుతుంది. అది అందరికీ సరిపడదు గానీ, ఇంత బరువు తగ్గాక ఆ మాట అడగడానికి సంకోచించకండి.