రెండో డిగ్రీ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు

ప్రశ్న: నేను జనరల్ మెడిసిన్‌లో రెండో ఏడాది రెసిడెంట్‌ని, అంటే ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూనే ఎండీ చదువుతున్న డాక్టర్ని. మాకు ఏడాదిన్నర పాప. పబ్లిక్ హెల్త్ అంటే మొదటి నుంచీ ఇష్టం. రెండు నెలల క్రితం ఆన్‌లైన్‌లో రెండేళ్ల మాస్టర్స్ కోర్సులో చేరాను. ఫీజు నా స్టైపెండ్‌లోంచే కట్టాను. మావారికి చెప్పలేదు, ‘చదివింది చాల్లేదా’ అంటారని భయం. మా థీసిస్ గైడ్‌కీ తెలియదు. మొన్న నైట్ డ్యూటీ దిగి వచ్చి, పాపను పక్కన పడుకోబెట్టుకుని లెక్చర్ వింటూ నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి పాప మంచం అంచున కూర్చుని నా ఇయర్‌ఫోన్ వైరు లాగుతోంది. ఏమీ కాలేదు గానీ ఆ దృశ్యం కళ్ల ముందు నుంచి పోవడం లేదు. వచ్చే నెల నుంచి ఐసీయూ పోస్టింగ్. కోర్సు మానేయాలా? మానేస్తే ఓడిపోయినట్టు ఉంటుంది.

జవాబు: ముందు పాప సంగతి. మీరు అజాగ్రత్త మనిషి కాబట్టి నిద్రపోలేదు, రాత్రంతా మేలుకున్నారు కాబట్టి నిద్రపోయారు. ఇరవై నాలుగు గంటలు నిద్ర లేకుండా ఉన్నవాళ్ల పనితీరు, రక్తంలో 0.10 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ల స్థాయికి పడిపోతుందని 1997లోనే పరిశోధకులు చూపించారు. అంత మోతాదుతో బండి నడిపితే చాలా దేశాల్లో కేసు పెడతారు. మీరేమో ఆ స్థితిలో ఒక కన్ను పాప మీద, ఒక కన్ను స్క్రీన్ మీద పెట్టి కూర్చున్నారు. నైట్ దిగిన రోజు లెక్చర్ వద్దు. పాపను ఇంకొకరి చేతికిచ్చి పడుకోండి. కోర్సు ఉన్నా మానేసినా ఈ ఒక్కటి మాత్రం తప్పదు.

ఇక కోర్సు. ‘నేను చదవగలనా’ అన్న అనుమానం మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, ఉండక్కర్లేదు కూడా. చదవగలరు. కానీ ఆ చదువుకి గంటలు ఎక్కడి నుంచి తెస్తున్నారో చూశారా? ఒక కాగితం తీసుకోండి. వారానికి 168 గంటలు. డ్యూటీకి 80 తీసేద్దాం. (అమెరికాలో 2003లో రెసిడెంట్లకు పెట్టిన పరిమితి ఇదే, అదీ నాలుగు వారాల సగటు మీద. పరిమితే 80 అంటే అంతకుముందు ఎలా ఉండేదో ఊహించుకోండి.) రోజుకు ఏడు గంటల నిద్రకు 49 పోతే మిగిలేవి 39. స్నానం, తిండి, రాకపోకలకు రోజుకు రెండు గంటలేసుకుంటే 25. థీసిస్‌కీ, పరీక్షల చదువుకీ కలిపి ఒక పది. ఉన్నవి 15. మీ కోర్సుకి వారానికి పన్నెండు పడుతుందనుకుందాం. చివరికి మిగిలేవి మూడు గంటలు. పాపకు, ఆయనకు, మీకు కలిపి, వారం మొత్తానికి.

కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. ఐసీయూ నెలలో ఈ లెక్క ఎలాగూ నిలవదు, అప్పుడు మీరు ముందుగా కోసేది నిద్రే. బహుశా ఓపీడీ పోస్టింగ్‌లో కాస్త తీరిక దొరికిన రోజుల్లో చేరి ఉంటారు. అప్పటి తీరికను చూసి రెండేళ్లకు మాటిచ్చేశారు.

మొదట్లో ‘రెసిడెంట్’ అంటే నిజంగానే ఆసుపత్రిలో కాపురం ఉండే డాక్టరు. 1889లో మొదలైన జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఈ శిక్షణ ఒక పద్ధతిగా స్థిరపడింది. ఇంటికెళ్లి పాపకు అన్నం పెట్టాల్సిన మనిషిని ఎవరూ లెక్కలోకి తీసుకోని పద్ధతి. దాని మీద రెండో డిగ్రీ పెట్టి, బరువు మోయలేకపోతే ఓటమి అనుకోవడం మీకు మీరే చేసుకుంటున్న అన్యాయం.

నన్నడిగితే, మానేయకండి, వాయిదా వేయండి. చాలా యూనివర్సిటీలు సీటు వదులుకోకుండా ఒక సెమిస్టరో, ఏడాదో విరామం ఇస్తాయి. కొన్నిచోట్ల తక్కువ సబ్జెక్టులతో నెమ్మదిగా పూర్తి చేయనిస్తారు. ఏమీ ఇవ్వకపోతే బయోస్టాటిస్టిక్స్ (వైద్య పరిశోధనల గణాంకశాస్త్రం) ఒక్కటే ఉంచుకుని మిగతావి వదిలేయండి. అదెలాగూ మీ థీసిస్‌కి కావాలి. పరిశోధనకి ఎంతమంది రోగులు కావాలో తేల్చే శాంపిల్ సైజు లెక్క కోసం స్టాటిస్టీషియన్ చుట్టూ తిరిగే తోటి పీజీలను చూస్తూనే ఉంటారుగా. ఎపిడెమియాలజీ (జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో చెప్పే శాస్త్రం), హెల్త్ పాలసీ మీరు ఎండీ పూర్తి చేసి వచ్చేదాకా అక్కడే ఉంటాయి. పైగా వార్డులో ఇంకో ఏడాది గడిపాక అవి మీకు ఇప్పటికన్నా బాగా అర్థమవుతాయి.

గైడ్‌కి చెప్పడం ఆలస్యం చేయకండి. ఫుల్‌టైమ్ పీజీ చేస్తూ ఇంకో డిగ్రీలో పేరు ఉండటాన్ని చాలాచోట్ల నియమాలు ఒప్పుకోవు, లేదా ముందస్తు అనుమతి అడుగుతాయి. మీ ప్రోగ్రామ్ నియమాలు తెప్పించుకుని చదవండి. నోటిమాట అనుమతి కాకుండా రాతపూర్వకంగా తీసుకోండి. రెండో డిగ్రీ కోసం వెళ్లి మొదటి డిగ్రీకి ఎసరు తెచ్చుకోకూడదు కదా.

అన్నిటికన్నా కష్టమైంది ఇంటి సంగతి. ‘చదివింది చాల్లేదా’ అని ఆయన అనలేదు, అంటారని మీరు అనుకున్నారు. నిజంగా అనేవారేమో కూడా, నాకు తెలియదు. కానీ రెండు నెలలుగా ఇంట్లో మీరు పరధ్యానంగా ఎందుకుంటున్నారో తెలియకుండా ఆయన పాపను చూసుకుంటున్నారు. ఆ మూడు గంటల్లో ఆయన వాటా కూడా మీరు అడగకుండానే తీసేసుకున్నారు. డబ్బు మీదే, కాదనను. గంటలు మాత్రం మీ ఒక్కరివి కావు.

చెప్పేటప్పుడు కోర్సుతో మొదలుపెట్టకండి, మంచం అంచున కూర్చున్న పాపతో మొదలుపెట్టండి. ‘ఆ రోజు ఇలా జరిగింది, నాకు భయమేసింది, నైట్ దిగాక కూడా పడుకోకుండా లెక్చర్ పెట్టుకున్నాను’ అనండి. తర్వాత ఆ కాగితం ఆయన ముందు పెట్టండి. కోపం వస్తుంది, రానివ్వండి. దాచినందుకు ఆ మాత్రం కోపం వినాల్సిందే. ఆయన గొంతు పెంచితే మీరూ పెంచి, ‘నా కెరీర్ మీకు ఇష్టం లేదు’ అన్న వాదనలోకి మాత్రం వెళ్లకండి, అక్కణ్నుంచి వెనక్కి రావడం కష్టం. రెండోసారి కూర్చున్నప్పుడు అడగండి: ఏడాది తర్వాత మళ్లీ మొదలుపెడితే వారంలో ఏ రెండు సాయంత్రాలు నావి అవుతాయి, అప్పుడు పాప ఎవరి దగ్గర ఉంటుంది అని.

ఐసీయూ పోస్టింగ్ మొదలయ్యేలోపు ఈ మాటలు అయిపోవాలి. విరామం కోరుతూ యూనివర్సిటీకి రాసే మెయిల్ ఇవాళే పంపొచ్చు, నాలుగు లైన్లు చాలు.